పది నిమిషాల అంతరిక్షం: ఉపకక్ష్యా విహారం, ఇతర విలాస యాత్రలు

2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల గ్రామ పొలాలలో ఆకాశం నుండి ఒక వింత యంత్రం దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనం దానిని చూడడానికి తరలివచ్చారు. అది ఉపగ్రహమూ కాదు, శత్రుదేశపు పరికరమూ కాదు. స్పెయిన్ దేశానికి చెందిన హాలో స్పేస్ అనే సంస్థ, సంపన్నులైన యాత్రికులను బెలూన్ సహాయంతో ఆకాశపుటంచులకు తీసుకుపోవాలని తయారు చేసుకున్న గూడు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూన్ కేంద్రం నుండి ఎగిరి, సుమారు 37 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, పారాచూట్ సాయంతో ఆ పొలాలలో వాలింది. అది పరీక్ష మాత్రమే గనుక లోపల మనుషులు లేరు. అదే కేంద్రం నుండి ఎగిరిన శాస్త్ర పరికరాల బెలూన్ ఒకటి 2025 జనవరిలో బీదర్ జిల్లా హుమనాబాద్ తాలూకా జలసంగి గ్రామంలో ఒక ఇంటిపై వాలినప్పుడు కూడా ఇటువంటి సంచలనమే కలిగింది.

మొగిలిగుండ్లలో దిగిన ఆ గూడు, ప్రపంచంలో గత రెండు దశాబ్దాలుగా పెరుగుతున్న ఒక ఖరీదైన వేడుకకు సంబంధించినది. దానిని స్థూలంగా అంతరిక్ష పర్యాటకం అంటున్నారు. అయితే ఆ పేరు కింద చెలామణి అయ్యేవన్నీ ఒకటి కావు. బెలూన్ యాత్ర వేరు, కక్ష్యా యానం వేరు, ఈ రెంటికీ నడుమ ఉన్న ఉపకక్ష్యా యానం వేరు. ఆంగ్లంలో సబ్‌ఆర్బిటల్ అనబడే ఈ మూడవ రకమే ఇటీవల వార్తలలో ఎక్కువగా వినబడుతోంది. అది ఏమిటో, దానికి చెల్లించే కోట్ల రూపాయలకు ప్రతిగా లభించేదేమిటో, ఎవరెస్టు ఆరోహణ, అంటార్కిటికా నౌకాయానం, సముద్రగర్భ యాత్ర వంటి ఇతర విలాస యాత్రలతో పోల్చినప్పుడు దాని స్థానం ఎక్కడో తెలుసుకోవడం అవసరం.

వడిసెల రాయి

జొన్నచేలలో పిట్టలను తోలడానికి వడిసెల వాడిన వారికి ఉపకక్ష్యా యానాన్ని వివరించడం సులభం. వడిసెల నుండి వెలువడిన రాయి పైకి పోతుంది, వేగం తగ్గుతుంది, ఒక శిఖరం దగ్గర క్షణకాలం తటపటాయించినట్లై కిందికి రాలుతుంది. ఉపకక్ష్యా నౌక చేసేదీ అంతే. రాకెట్టు బలంతో నిట్టనిలువుగా పైకి పోయి, ఇంధనం ఆగిపోయిన తరువాత కూడా ఉన్న వేగంతో మరికొంత ఎగసి, భూమి చుట్టూ తిరగకుండానే తిరిగి నేలకు వస్తుంది. బ్లూ ఆరిజిన్ సంస్థ వారి న్యూ షెపర్డ్ నౌకలో బయలుదేరిన క్షణం నుండి నేలను తాకే వరకు పట్టే కాలం పది, పదకొండు నిమిషాలు. అందులో భారరహిత స్థితి మూడు నాలుగు నిమిషాలు మాత్రమే.

ఆ భారరహిత స్థితిని గురించి ఒక అపోహ బలంగా ఉంది. అంత ఎత్తులో భూమ్యాకర్షణ ఉండదని, అందుచేత మనుషులు తేలుతారని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాలు చదివిన వారు కూడా ఇలాగే చెబుతుంటారు. నిజానికి నూరు కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేల మీద కంటే మూడు శాతం మాత్రమే తక్కువ. బావిలో చేద తాడు తెగిందనుకుందాం. చేదా, అందులోని నీరూ ఒకే వేగంతో పడుతుంటాయి. పడుతున్నంతసేపు నీరు చేద అడుగును నొక్కదు. నౌక చేద అయితే యాత్రికుడు నీరు. అతడు తేలడం లేదు, నౌకతో పాటు పడుతున్నాడు. పైకి పోతున్నప్పుడు సైతం, ఇంజను ఆగిన క్షణం నుండి అది పడడమే.

అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. శాస్త్రవేత్త థియోడోర్ వాన్ కార్మాన్ పేరిట 100 కిలోమీటర్ల ఎత్తును అంతర్జాతీయ వైమానిక సమాఖ్య హద్దుగా పాటిస్తుంది. అమెరికా ప్రభుత్వం 80 కిలోమీటర్లనే హద్దుగా లెక్కిస్తుంది. హైదరాబాదు నుండి జహీరాబాదు ఎంత దూరమో ఆ నూరు కిలోమీటర్లు దాదాపు అంతే. నేల మీద బస్సు రెండు గంటలలో దాటే దూరం. ఈ హద్దు తగాదా మనవారినీ తాకింది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్టు 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరింది. అమెరికా లెక్కన అది అంతరిక్షాన్ని తాకింది, కార్మాన్ లెక్కన తాకలేదు. మనుషులు లేని ఆ రాకెట్టు పయనం కూడా ఉపకక్ష్యా యానమే. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి ఎగిరిన తొలి పరిశోధక రాకెట్టుదీ అదే దారి.

కక్ష్యా యానం సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. భూమి చుట్టూ తిరగాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. న్యూ షెపర్డ్ గరిష్ఠ వేగం అందులో ఏడవ వంతు, ఎనిమిదవ వంతు మధ్య ఉంటుంది. ఒక కిలో బరువును నూరు కిలోమీటర్ల ఎత్తుకు లేపడానికి అయ్యే శక్తితో పోలిస్తే, అదే బరువును కక్ష్యలో నిలపడానికి ముప్పై రెట్లకు పైబడిన శక్తి అవసరం. ‘అంతరిక్ష యాత్ర’ అన్న ఒకే మాట కింద ఈ రెంటినీ కలిపి రాసే పత్రికలు ఈ తేడాను పాఠకులకు చెప్పడం అరుదు.

ఎవరు ఎగిరారు, ఎంత చెల్లించారు

ఈ దారిలో మొదట పయనించిన అమెరికన్ అలన్ షెపర్డ్. 1961 మే 5న పదిహేను నిమిషాల పాటు సాగిన అతని యానం 187 కిలోమీటర్ల ఎత్తు చేరింది. ఆ తరువాత ప్రభుత్వాలు కక్ష్య వైపు, చంద్రుని వైపు దృష్టి సారించడంతో ఈ దారి మరుగున పడింది. దానిని తిరిగి తెరచినది ప్రైవేటు పోటీ. మనుషులను మోయగల నౌకను రెండు వారాలలో రెండు మార్లు నూరు కిలోమీటర్ల ఎత్తుకు పంపిన ప్రైవేటు బృందానికి కోటి డాలర్ల అన్సారీ ఎక్స్ ప్రైజ్ ప్రకటించారు. బర్ట్ రుటాన్ రూపకల్పన చేసిన స్పేస్‌షిప్ వన్ 2004 అక్టోబరు 4న ఆ బహుమతిని గెలుచుకుంది. ఆ సంవత్సరమే బ్రిటన్ వ్యాపారి రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ గెలాక్టిక్ సంస్థను స్థాపించి, రెండు లక్షల డాలర్లకు టిక్కెట్లు అమ్మజూపాడు. 2007 నాటికి యాత్రలు మొదలవుతాయని చెప్పారు.

మొదలు కాలేదు. 1972 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న బ్రిటన్ దేశస్థుడు జాన్ గుడ్విన్ 2005లోనే టిక్కెట్టు కొన్నాడు. అతని వంతు వచ్చినది 2023 ఆగస్టు 10న. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు, పార్కిన్సన్ వ్యాధి కూడా సోకింది. పద్దెనిమిదేళ్ల నిరీక్షణకు లభించినది కొద్ది నిమిషాల భారరహిత స్థితి. అదే నౌకలో యాంటీగ్వా ద్వీపానికి చెందిన తల్లీకూతుళ్లు ఇద్దరు లాటరీలో గెలుచుకున్న సీట్లలో ఎగిరారు. ఈ మధ్యకాలంలో టిక్కెట్టు ధర 2013లో రెండున్నర లక్షల డాలర్లకు, 2021లో నాలుగున్నర లక్షల డాలర్లకు పెరిగింది.

వర్జిన్ వారి పద్ధతిలో నౌక నేల నుండి లేవదు. పెద్ద విమానం దానిని మోసుకుపోయి పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తు దరిదాపులో వదులుతుంది. అక్కడ రాకెట్టు అంటుకొని, నౌక 85 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు పోతుంది. తిరిగి దిగేటప్పుడు తోక రెక్కలు పైకి మడతపడి, షటిల్ ఆటలోని కాక్ వలె నౌక నిలకడగా పడుతుంది. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ స్థాపించిన బ్లూ ఆరిజిన్ పద్ధతి పాతదే. ఆరుగురు కూర్చునే క్యాప్సూల్‌ను రాకెట్టు నిలువుగా లేపి, 100 కిలోమీటర్లు దాటించి, తాను విడిపోయి నిటారుగా నేలకు దిగుతుంది. క్యాప్సూల్ మూడు పారాచూట్‌లతో టెక్సాస్ ఎడారిలో వాలుతుంది. ఈ సంస్థ తన టిక్కెట్టు ధరను బహిరంగంగా ప్రకటించలేదు. 2021 జులై 20న జరిగిన తొలి యాత్రలోని ఒక సీటును మాత్రం వేలం వేయగా 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది. పాడుకున్న వ్యక్తి ఆనాడు ఎక్కనే లేదు. 2025 ఆగస్టులో ఎగిరాడు.

తెలుగువారికి ఈ వార్తలు దగ్గరివి కావడానికి ఇద్దరు కారణం. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11న బ్రాన్సన్‌తో పాటు వర్జిన్ నౌకలో ఎగిరారు. ఆమె టిక్కెట్టు కొన్న యాత్రికురాలు కారు, ఆ సంస్థ ఉద్యోగిని. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగాన్ని ఆమె తన చేతులతో నిర్వహించారు. విజయవాడలో జన్మించిన పైలట్ తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో ఎగిరి, భారతదేశపు తొలి అంతరిక్ష పర్యాటకుడిగా పేరొందారు. ఆయనతో పాటు ఎగిరిన ఎడ్ డ్వైట్ వయస్సు తొంభై. 1960ల ఆరంభంలో వ్యోమగామి శిక్షణకు ఎంపికై, అవకాశం దక్కని నల్లజాతి పైలట్ ఆయన. ఆ రోజు మూడు పారాచూట్‌లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనే క్యాప్సూల్ క్షేమంగా దిగింది.

మన పత్రికలు వీరినందరినీ ‘వ్యోమగాములు’ అని రాశాయి. అభిమానం కొద్దీ రాయడం తప్పు కాదు గాని, పదకొండు నిమిషాల యాత్రికుణ్ణీ, తెలంగాణ మూలాలు గల రాజా చారి వలె 177 రోజులు అంతరిక్ష కేంద్రంలో పనిచేసిన వ్యక్తినీ ఒకే మాటతో పిలిస్తే పిల్లలకు రెంటి మధ్య తేడా తెలియకుండా పోతుంది. అమెరికా విమానయాన శాఖ సైతం ప్రైవేటు యాత్రికులకు వ్యోమగామి పతకాలు ఇచ్చే పద్ధతిని 2021తో ముగించింది.

నిమిషానికి కోటి

ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని ఆశ్చర్యాలు కనబడతాయి. 2023 నాటి మారకం విలువ ప్రకారం వర్జిన్ టిక్కెట్టు సుమారు 3 కోట్ల 70 లక్షల రూపాయలు. భారరహిత స్థితి మూడున్నర నిమిషాలు అనుకుంటే, తేలిన ప్రతి నిమిషానికీ కోటి రూపాయలకు పైమాటే.

ఇదే అనుభవాన్ని విమానంలోనూ పొందవచ్చు. జీరో గ్రావిటీ కార్పొరేషన్ అనే అమెరికన్ సంస్థ 2004 నుండి బోయింగ్ విమానాన్ని ఎత్తుపల్లాల దారిలో నడుపుతూ, ఒక్కొక్క మలుపులో ఇరవై సెకన్లకు పైగా భారరహిత స్థితి కల్పిస్తోంది. సాధారణంగా పదిహేను మలుపులు. కలిపి చూస్తే ఐదారు నిమిషాలు. అనగా రాకెట్టు యాత్రలో లభించేదానికంటే ఎక్కువ! ధర తొమ్మిది వేల డాలర్ల దరిదాపు, అంటే ఏడెనిమిది లక్షల రూపాయలు. నిమిషానికి లక్ష చిల్లర. కదలలేని స్థితిలో చక్రాల కుర్చీకి పరిమితమైన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2007 ఏప్రిల్‌లో ఈ విమానంలో తేలియాడారు. కిటికీలో నల్లని ఆకాశం, భూమి వంపు మాత్రం అందులో కనబడవు. కోటికీ లక్షకూ మధ్య ఉన్న తేడా ఆ దృశ్యానికి చెల్లించే మూల్యమన్న మాట.

మరింత వింతైన లెక్క కక్ష్యా యానానిది. 2001 ఏప్రిల్ 28న రష్యా వారి సోయుజ్ నౌకలో బయలుదేరిన డెనిస్ టిటో సొంత డబ్బుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన తొలి యాత్రికుడు. ఆయన చెల్లించినట్లు చెప్పే మొత్తం 2 కోట్ల డాలర్లు. 2022 ఏప్రిల్‌లో యాక్సియం సంస్థ తొలి యాత్రలో ఒక్కొక్క సీటు ధర 5 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆనాటి లెక్కన 418 కోట్ల రూపాయలు. ఈ అంకె వింటే కళ్లు తిరుగుతాయి. కాని ఆ యాత్రికులు పదిహేడు రోజులు భారరహిత స్థితిలో గడిపారు. పదిహేడు రోజులంటే 24,480 నిమిషాలు. భాగించి చూస్తే నిమిషానికి లక్షా డెబ్బై వేలు. అంటే 418 కోట్ల టిక్కెట్టు, 3 కోట్ల 70 లక్షల టిక్కెట్టు కంటే నిమిషం లెక్కన ఎన్నో రెట్లు చౌక. బడిలో భాగహారం నేర్చిన పిల్లలు చేయదగిన లెక్కే ఇది.

దీనిని బట్టి ఉపకక్ష్యా యాత్ర మోసమని తేల్చడం న్యాయం కాదు. యాత్రల విలువను గడియారంతో మాత్రమే కొలవలేము. తిరుమలలో దర్శనం కొన్ని క్షణాలే అయినా జనం గంటల తరబడి నిలబడతారు. 2021 అక్టోబరులో బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో ఎగిరిన తొంభై ఏళ్ల నటుడు విలియం షాట్నర్ దిగిన వెంటనే కన్నీరు పెట్టుకున్నాడు. పైనున్న చీకటిని చూసి తనకు కలిగినది ఆనందం కాదు, దుఃఖమని తరువాత రాసుకున్నాడు. కొన్నదానికి భిన్నమైనది దొరకడం యాత్రలలో మామూలే.

ఇతర విలాస యాత్రలు

విలాస యాత్ర అనగానే మన ప్రాంతం వారికి ముందుగా తోచేది రాజరికపు రైలు. రాజస్థాన్‌లో 1982 నుండి ప్యాలెస్ ఆన్ వీల్స్, మహారాష్ట్రలో 2004 నుండి డెక్కన్ ఒడిస్సీ, కర్ణాటకలో 2008 నుండి గోల్డెన్ చారియట్ ఈ కోవలోనివి. గోల్డెన్ చారియట్‌లో ఐదు రాత్రుల యాత్రకు తలకు నాలుగు లక్షల రూపాయల దరిదాపు అవుతుంది. భోజనం, పడక, దర్శనీయ స్థలాలు అన్నీ అందులోనే. ఇక్కడ డబ్బు కొనేది సుఖాన్ని. అపాయం అందులో భాగం కాదు. అంటార్కిటికా నౌకాయానం కూడా చాలావరకు ఇంతే. దక్షిణ అమెరికా కొస నుండి ఓడలో పది రోజుల పైచిలుకు సాగే ఆ యాత్రలో, ఒక చోట ఒకేసారి నూరు మందికి మించి ఒడ్డు దిగకూడదన్న నియమం ఉంది.

కాంకర్డ్ విమానం మరొక కోవ. 1976 నుండి 2003 వరకు ధ్వనికి రెట్టింపు వేగంతో, పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున ఎగిరిన ఆ విమానం లండన్ నుండి న్యూయార్కుకు మూడున్నర గంటలలో చేర్చేది. దాని టిక్కెట్టూ సామాన్యునికి అందనిదే. అయినా ఎక్కినవాడు ఒక ఊరి నుండి మరొక ఊరికి చేరేవాడు. ఉపకక్ష్యా నౌక ఎక్కినవాడు ఎక్కిన చోటికి దగ్గరలోనే దిగుతాడు.

ఎవరెస్టు ఆరోహణకు వచ్చేసరికి విలాసానికీ సాహసానికీ మధ్య గీత చెరిగిపోతుంది. నేపాల్ ప్రభుత్వం అనుమతి రుసుమునే 2025 సెప్టెంబరు నుండి 11,000 డాలర్ల నుండి 15,000 డాలర్లకు పెంచింది. ఏజెన్సీ, ఆక్సిజన్, షెర్పాలు కలిపి మొత్తం ఖర్చు ముప్పై అయిదు లక్షల నుండి కోటి రూపాయల వరకు అవుతుంది. రెండు నెలల కాలం పడుతుంది. కాని అదే శిఖరాన్ని 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకముందే ఎక్కింది. ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమె వెంట ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి గుట్ట మీద తర్ఫీదు పొందారు. ఖర్చు భరించినది ప్రభుత్వ విద్యాసంస్థ. ఉపకక్ష్యా యానంలో అటువంటి తోవ ఇంకా ఏర్పడలేదు. అందులో యాత్రికుడు ఎక్కడు, ఎక్కించబడతాడు. తర్ఫీదు కొద్ది రోజులే. కండబలంతో గాని, పట్టుదలతో గాని ధర తగ్గదు.

సముద్రగర్భ యాత్ర ఉపకక్ష్యా యానానికి అతి దగ్గరి చుట్టం. ఉత్తర అట్లాంటిక్‌లో 3,800 మీటర్ల లోతున ఉన్న టైటానిక్ శిథిలాలను చూపిస్తామని ఓషన్‌గేట్ అనే సంస్థ రెండున్నర లక్షల డాలర్లకు సీట్లు అమ్మింది. వర్జిన్ వారు 2013లో పెట్టిన ధర ఎంతో ఇదీ అంతే. టైటన్ అనే ఆ నౌకను ఏ స్వతంత్ర సంస్థ చేతా ధ్రువీకరింపజేయలేదు. 2023 జూన్ 18న నీటి ఒత్తిడికి అది నలిగిపోయి, నడిపే యజమానితో సహా ఐదుగురు మరణించారు. వారిలో పందొమ్మిదేళ్ల కుర్రవాడు, అతని తండ్రి ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన హామిష్ హార్డింగ్ కూడా ఉన్నాడు. ఆయన అంతకు ఏడాది ముందు, 2022 జూన్‌లో, బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో అంతరిక్షపు అంచు చూసి వచ్చినవాడే. ఆ ప్రమాదం నివారించదగినదేనని అమెరికా తీరరక్షక దళం 2025లో నివేదిక ఇచ్చింది.

ప్రమాదం ఎవరి మీద

టైటన్ ఉదంతం తరువాత చాలామంది అడిగిన ప్రశ్న, ఉపకక్ష్యా నౌకలను తనిఖీ చేసేదెవరు అని. ఈ విషయం ప్రకటనలలో కనబడదు. 2004లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, విమానయాన శాఖ ఈ ప్రయోగాల వల్ల నేల మీది జనానికి హాని కలగకుండా చూస్తుంది. నౌకలోని యాత్రికుని భద్రతకు నిబంధనలు విధించే అధికారం దానికి లేకుండా చేశారు. పరిశ్రమ ఎదగడానికి కొంతకాలం వెసులుబాటు ఇవ్వాలన్నది కారణం. ఆ గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2028 జనవరి 1 వరకు జరిపారు. అందుచేత యాత్రికుడు ‘ఈ నౌకను ప్రభుత్వం సురక్షితమని ధ్రువీకరించలేదని తెలిసియే ఎక్కుతున్నాను’ అన్న భావంతో సంతకం చేయాలి. మన ఊరి బస్సుకైనా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సీటుకు అది లేదు.

2026 ఆరంభం వరకు ఉపకక్ష్యా యాత్రలలో టిక్కెట్టు కొన్న యాత్రికులెవరూ మరణించలేదు. మరణించినవారు పనివారు. 2007 జులై 26న కాలిఫోర్నియాలోని మొహావీలో, వర్జిన్ నౌక కోసం రాకెట్టు వాయువును పరీక్షిస్తుండగా పేలుడు జరిగి ముగ్గురు కార్మికులు చనిపోయారు. 2014 అక్టోబరు 31న పరీక్షా యానంలో సహపైలట్ మైకేల్ ఆల్స్‌బరీ తోక మడత గడియను కొన్ని సెకన్లు ముందుగా తీయడంతో నౌక గాలిలో ముక్కలైంది. ఆయన మరణించాడు. పైలట్ ఎలాగో పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు. ఒక మనిషి ఒక పొరపాటు చేస్తే నౌకే పోయేలా రూపకల్పన చేయడం అసలు లోపమని విచారణ సంస్థ 2015లో తేల్చింది. ఆ తరువాత గడియ వేళ కాకముందు తెరుచుకోకుండా ఏర్పాటు చేశారు. 2022 సెప్టెంబరులో బ్లూ ఆరిజిన్ రాకెట్టు కూడా గాలిలో విఫలమైంది. అదృష్టవశాత్తు ఆనాడు మనుషులు లేరు, క్యాప్సూల్ తనంత తాను తప్పించుకొని దిగింది.

ఎవరెస్టు మీద కూడా ఇదే కథ. పూర్ణ టిబెట్ వైపు నుండి ఎక్కిన ఆ ఋతువులోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ హిమపాతంలో మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ పనివారు ప్రాణాలు కోల్పోయారు. వారు ఇతరుల ఆరోహణ కోసం సామాను మోస్తూ, దారి వేస్తూ ఉన్నవారు. ఖరీదైన యాత్రల ప్రమాద భారం ఎక్కువగా టిక్కెట్టు కొనని వారి మీద పడుతుందన్నది ఈ రెండు చోట్లా రుజువైంది. టైటన్ అందుకు మినహాయింపు.

నేల మీది వారికి మరొక విధమైన భారం గాలి ద్వారా వస్తుంది. న్యూ షెపర్డ్ హైడ్రోజన్‌ను మండిస్తుంది గనుక వెలువడేది ముఖ్యంగా నీటి ఆవిరి. వర్జిన్ నౌక వాడినది రబ్బరు వంటి ఘన ఇంధనం. దాని నుండి మసి వెలువడుతుంది. రాకెట్లు పై వాతావరణంలో వదిలే మసి, నేల దగ్గర వదిలిన మసికంటే సుమారు 500 రెట్లు ఎక్కువగా వేడి పెంచుతుందని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పాలుపంచుకున్న అధ్యయనం 2022లో తెలిపింది. యాత్రల సంఖ్య తక్కువ కాబట్టి నేడు ఆ ప్రభావం స్వల్పం. వారానికి పలుమార్లు ఎగరాలన్నదే ఈ సంస్థల ఆశయం గనుక లెక్క మారవచ్చు.

బెలూన్ యాత్ర ఈ విషయంలో మెరుగు. నిదానంగా లేస్తుంది, గంటల తరబడి నిలుస్తుంది, మసి లేదు. ముప్పై అయిదు కిలోమీటర్ల ఎత్తు నుండి నల్లని ఆకాశం, భూమి వంపు కనబడతాయి. అది అంతరిక్షం కాదు, భారరహిత స్థితీ ఉండదు. హాలో వారు తమ సీటుకు లక్ష నుండి రెండు లక్షల యూరోల వరకు ధర ప్రకటించారు. ఈ రంగంలో ప్రకటనలు వెలువడినంత వేగంగా యాత్రలు మొదలు కాలేదు.

ప్రస్తుత స్థితి

ఉపకక్ష్యా విహారం కూడా ఆగి ఆగి సాగుతున్న వ్యాపారమే. వర్జిన్ పాత నౌక యూనిటీ 2024 జూన్ 8న చివరిసారి ఎగిరింది. దాని స్థానంలో డెల్టా తరగతి కొత్త నౌకల నిర్మాణం చేపట్టారు. బ్లూ ఆరిజిన్ సంస్థ చంద్రయాన పనులపై దృష్టి పెట్టడానికి కనీసం రెండేళ్ల పాటు న్యూ షెపర్డ్ ప్రయాణాలు ఆపుతున్నట్లు 2026 జనవరిలో ప్రకటించింది. రైలు టిక్కెట్టు వలె తేదీ చూసుకొని కొనదగిన సరకు ఇది కాదని గుడ్విన్ పద్దెనిమిదేళ్ల నిరీక్షణ ముందే చెప్పింది.

మన దేశంలో ఉపకక్ష్యా పర్యాటక యాత్రలు లేవు. రాకెట్టు లేవడాన్ని కళ్లారా చూడాలనుకునే వారికి మాత్రం శ్రీహరికోటలో 2019లో ఇస్రో సందర్శకుల గ్యాలరీని తెరిచింది. రుసుము లేదు. ప్రయోగ తేదీ వెలువడిన తరువాత ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట తీసుకుపోవాలి. సూళ్లూరుపేట వరకు రైలుంది. అక్కడి నుండి పులికాట్ సరస్సు మీదుగా దారి. తమిళనాడు వైపు గుమ్మిడిపూండి, ఆరంబాక్కం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు అది పూటలో పోయి రాదగిన దూరమే. ఆకాశం మబ్బు లేకుండా ఉంటే మేడ మీది నుండి కూడా కనబడుతుంది.